తిరగేసిన లేసు

మంగళవారం, గురువారం
బడి వదిలాక నాలుగున్నరకి
నరసాపురం రేవుకెళ్ళే సందులో
మూతబడ్డ లేసు గోడౌను తాళం తీస్తాను.
ముందు గబ్బిలాలు బయటికి,
తర్వాత పిల్లలు లోపలికి.
గోల రెండో జట్టుదే ఎక్కువ.

తొమ్మిదో తరగతి, పదో తరగతి.
ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చినవాళ్ళు ఇద్దరు,
ఇది కూడా ట్యూషనేనని ఇంట్లో నమ్మించినవాళ్ళు ముగ్గురు.
"దీనికి మార్కులుంటాయా మాస్టారండీ?"
ఉండవు.
"మరేం నేర్పుతారండీ?"
గోడకి మేకు ఎక్కడ కొట్టాలో,
ఎక్కడ కొట్టకూడదో.
పట్నంలో మ్యూజియం కొలువు చేసి
అది నేర్చుకోడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెమ్మన్నాను.
మావుళ్ళు వాళ్ళ నాన్న పడవ ముందరి పలక తెచ్చాడు.
రంగు మీద రంగు, గీకితే నాలుగు పేర్లు,
అప్పు చేతులు మారినప్పుడల్లా మారిన పేర్లు.
మస్తాన్‌బీ ఖాళీ అత్తరు సీసా తెచ్చింది.
మూత తియ్యనివ్వదు,
"ఉన్న కాస్త వాసనా అయిపోద్దండీ."
తాతాజీ తెచ్చింది కొబ్బరి తాడు.
వాళ్ళ లంకలో గోదారి కోసుకుపోయిన గట్టు
ఏడాదికింతని కొలిచి ముడులేశాడు వాళ్ళ తాత.
ముడికీ ముడికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది.
చివర ఇంకా తాడు మిగిలుంది.

హెప్సిబా లేసు బల్లగుడ్డ తెచ్చింది.

చీటీలు రాయడం దగ్గర తరగతి ఆగింది.
ఏమిటి, ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు చేశారు.
మూడూ చకచకా రాసేసి
నాలుగో దానికి 'మా మామ్మ' అని పెట్టి
నా మొహం చూసి కొట్టేసింది.
"పేరు?"
"మామ్మేనండీ."
పద్నాలుగేళ్ళు ఒకే దుప్పట్లో పడుకున్న మనిషి పేరు
ఆ పిల్లకి తెలీదు.
నవ్వబోయాను.
మా నాయనమ్మ పేరు నేను మొదట చదివింది
ఆమె దినం కార్డు మీద.

గురువారం పేరు వచ్చింది,
ఆధార్ జిరాక్సు మడతలో: దిగుమర్తి తబితమ్మ.
గోడౌను అటక మీద దొరికిన ఏజెంటు పుస్తకంలో మాత్రం
ఆవిడ నలభై ఒకటి.
నలభై ఒకటి, మూడు కండెలు తీసుకున్నది.
నలభై ఒకటి, రెండు రూపాయలు బాకీ.
నలభై ఒకటి, ఒక పువ్వు తప్పు, వాపసు.
ఆ వాపసు గుడ్డే ఇది.
ఏ దేశంలోనో భోజనాల బల్ల మీద ఉండాల్సింది
ముప్పయ్యేళ్ళు ట్రంకుపెట్టెలో
పాత బైబిలు కింద పడుకుంది.

"తాడు పక్కన లేసు పెడదామండీ,
రెండూ ముడులే కదా" అన్నాడు తాతాజీ.
ఆ మాట నేనందామనుకుంటున్నాను.
అననిచ్చాడు కాదు.

ఆదివారం చర్చి అయ్యాక
తెల్లచీర కొంగు చుట్టూ కప్పుకుని వచ్చిందావిడ.
లైటు కింద నిలబడింది. చాలాసేపు చూసింది.
నిజం చెప్పాలంటే నేను కన్నీళ్ళ కోసం చూస్తున్నాను,
ఫోను కెమెరా తీసి కూడా పెట్టుకున్నాను.

"తిరగేసి కట్టారేంటర్రా!"

అతుకులు, ముడులు, తెగిన దారాల కొసలు.
దాన్నే ముఖమనుకుని
దీపం పెట్టించి, టేపుతో కొలిచి
మేకులు కొట్టింది నేను.
ఇరవయ్యేళ్ళ అనుభవం.

పిల్లలు నవ్వాపుకోలేక రేవు దాకా పరిగెత్తారు.
విప్పబోతే వద్దంది.
వేలితో ఒక ముడి తడిమి
"ఇది కరెంటు పోయినప్పుడేసింది" అంది.
ఇంకోదాని మీద వేలు ఆగింది.
"దీని సంగతి నీకెందుకులే బాబూ."

సాయంత్రం తాళం వేసేటప్పుడు చూశాను,
చీటీ కింద పెన్సిలు రాత, హెప్సిబాది:
'ఇది తిరగేసి వేలాడుతోంది.
కావాలని కాదు.
మాస్టారికి తెలీదు.'